కాణిపాకం ప్రమాణమా, ఎం-బుక్కా?

ప్రశ్న: "తిరుపతికి పాతిక కిలోమీటర్ల దూరంలో మా పంచాయతీ. మా వీధిలో పోయినేడు 120 మీటర్ల సిమెంటు రోడ్డు వేసినారు. ఎనిమిది నెలలకే పైన పొట్టు లేచిపోయి కంకర బయటపడింది. ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడిగితే 'బిల్లు అయిపోయింది, ఇంక నాకేం సంబంధం' అంటాడు. కాంట్రాక్టరును కాణిపాకం తీసకపోయి వినాయకుని ముందర ప్రమాణం చేయిద్దామని ఊరి పెద్దలంటున్నారు. మేం నలుగురం కుర్రోళ్ళం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ఇంకో సంగతి. మా నాయన పేరుమీదుండే పొలాన్ని మా అన్న తన పేరుకు మార్పించుకోవాలని అర్జీ పెట్టుకుంటే ఎనిమిది వేలు అడిగినారు. మొన్న శనివారం రెండు వేలు ఇచ్చినాడు. మిగతా ఆరు వేలు చేతిలో పడితేనే కాగితం కదిలేది అంటున్నారు. ఏం చేసేది చెప్పండి. ఊరి పేరు, నా పేరు వేయొద్దండి."

జవాబు: రోడ్డు సంగతి కాస్త ఆగుతుంది. మీ అన్నగారు ఇచ్చిన రెండు వేలకు మాత్రం గడువుంది, అందుకే దానితో మొదలుపెడదాం.

అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమైంది. ఇవ్వక తప్పని పరిస్థితిలో ఇచ్చినవారికి 8వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ, ఇచ్చిన 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీ(అవినీతి నిరోధక శాఖ)కో తెలియజేయాలి. శనివారం ఇచ్చారంటే వచ్చే శనివారంలోపు ఆ పని అయిపోవాలి. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. ఫోన్‌తో సరిపెట్టకుండా తిరుపతిలోని ఏసీబీ కార్యాలయానికి మీ అన్నగారే వెళ్ళి రాతపూర్వకంగా ఇవ్వడం మంచిది. ఇచ్చిన తేదీ, మొత్తం, ఎవరి చేతికి ఇచ్చారు, ఆ సమయంలో ఎవరున్నారు, మిగతా ఆరు వేలు ఎప్పుడు అడిగారు, ఇవన్నీ రాయాలి. పేరు మార్పు (మ్యుటేషన్) అర్జీ నంబరు, దాని రశీదు జిరాక్సు జతచేయాలి. రెండు వేలు ఇచ్చిన మాట దాచొద్దు. దాస్తే అదే తర్వాత కోర్టులో ఎదుటి వకీలు చేతికి ఆయుధమవుతుంది.

మిగిలిన ఆరు వేల సంగతి. అదే సెక్షన్‌లో ఇంకో వెసులుబాటుంది. ముందుగా అధికారులకు చెప్పి, వాళ్ళకు సాయపడేందుకు లంచం సొమ్ము అందిస్తే అది నేరం కాదు. ఏసీబీ వాళ్ళు పన్నే వల ఈ వెసులుబాటు మీదే నడుస్తుంది. కాబట్టి ఏసీబీకి చెప్పేదాకా ఆ ఆరు వేలలో ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

వల ఎలా ఉంటుందో తెలిస్తే మీ అన్నగారికి భయం తగ్గుతుంది. ఫిర్యాదు తీసుకున్నాక అందులో నిజమెంతో ముందు విచారిస్తారు. తర్వాత కేసు కడతారు. సంబంధం లేని వేరే శాఖల ఉద్యోగులు ఇద్దరిని మధ్యవర్తులుగా పిలుస్తారు. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు రాసుకుని వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ పొడి కంటికి ఆనదు. నోట్లు పట్టుకున్న చేతివేళ్ళను సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్ళను సీసాల్లో పోసి సీలు వేసి, జరిగినదంతా మధ్యవర్తుల నివేదికగా రాస్తారు.

అయితే రంగు మారినంత మాత్రాన శిక్ష పడదు. చాలామందికి తెలియని సంగతి ఇది. అధికారి అడిగినట్టు రుజువు కావాలి. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన బి.జయరాజ్ కేసులో 2014లో, పి.సత్యనారాయణమూర్తి కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే చెప్పి నిందితులను విడిచిపెట్టింది. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొంత దారి చూపించింది: ఫిర్యాదుదారు చనిపోయినా, అడ్డం తిరిగినా, మిగతా సాక్ష్యాలు, పరిస్థితుల నుంచి అడిగిన సంగతిని రుజువు చేయవచ్చంది. రుజువు అక్కర్లేదని మాత్రం అనలేదు. కాబట్టి ఆ రోజు మీ అన్నగారు చేయకూడని తప్పు ఒకటే. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే "ఇదిగో సార్" అని నోట్లు చాచకూడదు. "నా పని ఎంతవరకు వచ్చింది సార్?" అని అడిగి ఊరుకోవాలి. అవతలి మనిషి నోటితో అడగాలి, అడిగింది రికార్డు కావాలి. పొడి పూశాక తను కూడా నోట్లను ఊరికే తాకకూడదు, అక్కడ ఎవరితోనూ చేతులు కలపకూడదు. ఈలోపు సొంత ఫోన్లో రికార్డు చేసిన మాటలుంటే ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపి అసలుది చెరిపేస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇవ్వాల్సిన ధ్రువపత్రం దగ్గర చిక్కొస్తుంది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. నేరం రుజువైతే 7వ సెక్షన్ కింద 3 నుంచి 7 ఏళ్ళ జైలు. కానీ కేసు ఏళ్ళతరబడి సాగవచ్చు, మీ అన్నగారు కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పక తప్పదు. సగంలో వెనక్కి తగ్గే మనిషైతే మొదలుపెట్టకముందే ఇంట్లో మాట్లాడుకోండి.

ఇక రోడ్డు.

సోమవారం అర్జీ ఇద్దామనుకుంటున్నారు కదా, ఇప్పుడే ఇవ్వొద్దు. కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక మంచి ఏర్పాటే. మీ అర్జీకి నంబరు పడుతుంది, ఆన్‌లైన్లో ఎక్కుతుంది. కానీ అక్కడి నుంచి విచారణకు ఎవరికి పోతుంది? అదే శాఖకు. చాలాసార్లు తిరిగితిరిగి ఆ ఏఈ బల్ల మీదకే వస్తుంది. "పరిశీలించాం, రోడ్డు బాగుంది" అని రాసి అర్జీ ముగించేస్తారు. అంతకంటే చెడ్డది ఇంకోటుంది. మీ దగ్గర కాగితం లేకముందే మీరు గొడవ చేస్తున్నారని వాళ్ళకు తెలుస్తుంది. విచారణ మొదలైతే ఫైలు విజిలెన్స్ వాళ్ళ దగ్గరుందని, విచారణకు ఆటంకమయ్యే సమాచారం ఇవ్వక్కర్లేదనే సమాచార హక్కు చట్టం 8(1)(హెచ్) అడ్డమొస్తోందని అంటారు. విచారణ జరుగుతోందన్న ఒక్క కారణంతో నిరాకరించడం కుదరదని, ఇస్తే విచారణకు ఎలా ఆటంకమో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. కానీ ఆ వాదన గెలవడానికి మీకు ఏడాది పట్టొచ్చు. అందుకే కాగితం ముందు, ఫిర్యాదు తర్వాత.

కాణిపాకం ప్రమాణం మాట. స్వామి మీద నమ్మకం మీది, దానికి మేం అడ్డు రాము. అయితే తప్పు చేసినవాడు అక్కడికి రాకుండా తప్పించుకుంటే మీ దగ్గర ఏమీ మిగలదు. వచ్చి ప్రమాణం చేసి పోతే ఊరంతా చల్లబడుతుంది, రోడ్డు మాత్రం అలాగే ఉంటుంది.

మీకు కావలసింది ఎం-బుక్కు, అంటే కొలతల పుస్తకం. పని జరిగాక ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం వేశారో ఏఈ అందులో రాస్తాడు, పై ఇంజనీరు తనిఖీ చేసి (దీన్నే చెక్ మెజర్‌మెంట్ అంటారు) సంతకం పెడతాడు. బిల్లు దాని మీదే అవుతుంది. ఏఈ నోటితో ఏం చెప్పినా, ఎం-బుక్కులో రాసింది ఆయన మెడకు చుట్టుకునే ఉంటుంది.

ముందు డబ్బు ఎక్కడిదో తేల్చండి. 15వ ఆర్థిక సంఘం నిధులైతే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ ఖర్చుల వోచర్లు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఉపాధి హామీ మెటీరియల్ నిధులైతే ఆ పథకం వెబ్‌సైటులో పనికి ఒక కోడ్ ఉంటుంది. 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో మొదలైన సిమెంటు రోడ్లకు వాడింది ఈ నిధులే. ఉపాధి హామీ డబ్బయితే ఇంకో ప్రశ్న లేస్తుంది: 2005 నాటి ఉపాధి హామీ చట్టం ప్రకారం పనులు కాంట్రాక్టర్ల చేత చేయించకూడదు. మీరు కాంట్రాక్టరు అంటున్న మనిషి పేరు కాగితం మీద ఎక్కడుంది, ఏ హోదాలో ఉంది? ఆ పనులకు అదే చట్టం 17వ సెక్షన్ కింద సామాజిక తనిఖీ కూడా జరగాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచే ఈ తనిఖీలు జరిగాయి, దేశం మనల్ని చూసి నేర్చుకుంది. మీ పంచాయతీ తనిఖీ నివేదిక అడగండి. అందులో మీ రోడ్డు పేరు లేకపోతే, ఎందుకు చూడలేదన్నది గ్రామసభలో నిలబడి అడగవలసిన మాట.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. పంచాయతీ కార్యదర్శికి పెడితే గ్రామస్థాయిలో రుసుము లేదు. కానీ ఎస్టిమేటు, ఎం-బుక్కు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం దగ్గర ఉంటాయి. కాబట్టి దరఖాస్తు ఆ సబ్ డివిజన్ డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కార్యాలయంలోని పౌర సమాచార అధికారికే పెట్టండి. మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, ఆపైవాటికి 10. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. తెల్లకార్డు ఉంటే జిరాక్సు పెట్టండి, దారిద్య్రరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. తెలుగులో రాయవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, చెప్పకండి కూడా. తప్పు ఆఫీసుకు పెట్టినా తిప్పి పంపకూడదు, 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

దరఖాస్తు పాడయ్యేది ప్రశ్న రాసే తీరులోనే. "రోడ్డు ఎందుకు పాడైంది? బాధ్యులెవరు? ఏం చర్య తీసుకుంటారు?" అని రాస్తే "ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు" అన్న ఒక్క ముక్కతో కొట్టేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. రికార్డులో ఉన్నది ఇవ్వాలే తప్ప కారణాలు వెతికి చెప్పాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ప్రశ్నలు అడగొద్దు, కాగితాలు అడగండి. ఇలా రాయవచ్చు:

"ఫలానా పంచాయతీ, ఫలానా వీధిలో ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు వేసిన సిమెంటు రోడ్డు పనికి సంబంధించి: మంజూరు ఉత్తర్వు, సాంకేతిక మంజూరుతో కూడిన ఎస్టిమేటు, ఒప్పంద పత్రం, ఎం-బుక్కులో ఈ పని కొలతలున్న అన్ని పేజీలు, చెక్ మెజర్‌మెంట్ పేజీతో సహా, క్వాలిటీ కంట్రోల్ క్యూబ్ పరీక్షల నివేదికలు, సిమెంటు కొనుగోలు ఇన్‌వాయిస్‌లు, బిల్లు చెల్లింపు తేదీలు, వీటి ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వగలరు. సెక్షన్ 2(జె) కింద ఈ రికార్డులను, పనిని స్వయంగా పరిశీలించడానికి, రోడ్డు నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి తేదీ తెలపగలరు."

చివరి వాక్యం వదిలేయొద్దు. పనిని పరిశీలించడం, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడం కూడా చట్టంలో సమాచార హక్కు కిందికే వస్తాయి. జనం ఎక్కువగా వాడని హక్కు ఇది. ఏఈ ఆస్తులు, కాల్ లిస్టు, సర్వీసు పుస్తకం లాంటివి ఈ దరఖాస్తులో కలపొద్దు. వ్యక్తిగత సమాచారమని ఆ వంకతో మొత్తం కాగితాన్ని పక్కన పెడతారు.

30 రోజులు గడువు. మధ్యలో "ఇన్ని పేజీలు, ఇంత కట్టండి" అని ఉత్తరం వస్తే వెంటనే కట్టండి, ఏ4 పేజీకి 2 రూపాయలు. ఆ ఉత్తరం వేసిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువు లెక్కలోకి రాదు, మీరు ఆలస్యం చేసేకొద్దీ వాళ్ళకు లాభం. గడువు దాటితే నకళ్ళు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అది 30 రోజుల్లో, మరీ అయితే 45 రోజుల్లో తేలాలి. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ తలచుకుంటే ఆలస్యానికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా అధికారి జేబు నుంచి కట్టిస్తుంది. కమిషన్‌కు 18వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వమని కొందరు సలహా ఇస్తారు. ఆ దారిలో వెళితే అధికారికి జరిమానా పడొచ్చు గానీ మీ చేతికి కాగితం రాదు, మీకు కావలసింది 19వ సెక్షన్ అప్పీలు.

నకళ్ళు ధ్రువీకరించినవే తీసుకోండి. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి భూముల ఫైళ్ళు ఎలా కాలాయో చిత్తూరు సీమవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. సంతకం, ముద్ర ఉన్న నకలు మీ ఇంట్లో ఉంటే అసలు కనబడకపోయినా మాట నిలబడుతుంది.

కాగితం వచ్చాక టేపు పట్టుకోండి. రోడ్డు 120 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎస్టిమేటులో మందం 15 సెంటీమీటర్లు అనుకుందాం. 120 × 3 × 0.15 అంటే 54 ఘనపు మీటర్ల కాంక్రీటు. నిజానికి వేసింది 10 సెంటీమీటర్లే అయితే 36. తేడా 18 ఘనపు మీటర్లు, అంటే మూడు పెద్ద రెడీమిక్స్ లారీల సరుకు. ఎం-20 గ్రేడు కాంక్రీటును సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళలో కలిపితే ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది, తేడా 144 బస్తాలు. ల్యాబులో లెక్కగట్టిన పాళ్ళు (డిజైన్ మిక్స్) అయితే బస్తాలు కొంత తగ్గుతాయి, అందుకని ఎస్టిమేటులో ఏ గ్రేడు, ఏ పాళ్ళు రాశారో చూసే లెక్క కట్టండి. సిమెంటు ఇన్‌వాయిస్ మొత్తాన్ని దీనితో పోల్చండి.

మందం కొలవడంలో ఒక మోసముంది. రోడ్డు అంచున మట్టి తవ్వి చూస్తే 15 సెంటీమీటర్లు సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే సెంట్రింగు పలక ఎత్తు అంతే. నడిమధ్యలో మాత్రం కింద మట్టి ఉబ్బుగా వదిలేసి పైన పలచగా పోస్తారు. అంచు చూసి మోసపోకండి. మధ్యలో కోర్, అంటే యంత్రంతో గుండ్రంగా కోసి తీసే కాంక్రీటు ముక్క, తీయించాల్సిందే, నమూనా హక్కు అక్కడ పనికొస్తుంది. కోర్ల బలం సగటున నిర్దేశించినదానిలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉంటే చాలని కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మీ రోడ్డు ఆ పరీక్ష నెగ్గితే ఒప్పుకోవాలి.

ఎం-బుక్కులో అంకెలకంటే ముందు తేదీలు చదవండి. దొంగ రాతలు ఎక్కువగా దొరికేది అక్కడే. క్యూబ్ (పరీక్ష కోసం అదే కాంక్రీటుతో పోసే దిమ్మ) బలం తేలడానికి పోత పోశాక 28 రోజులు పడుతుంది. పోత పోసిన పదో రోజునే 28 రోజుల నివేదిక ఉంటే అది ఎక్కడో కూర్చుని రాసిన కాగితం. భారీ వాన కురిసిన రోజున పోత పోసినట్టుందా? పని ముగియకముందే చెక్ మెజర్‌మెంట్ సంతకం ఉందా? పది చోట్ల మందం కొలిచి పది చోట్లా 0.15 అని రాశారా? చేత్తో పోసిన కాంక్రీటు అంత సమంగా ఎక్కడా రాదు.

అన్నీ అవినీతి ఖాతాలో వేయొద్దు కూడా. పైపొర పొట్టు లేవడం తరచుగా నీళ్ళు ఎక్కువ కలపడం వల్ల, క్యూరింగ్ సరిగా చేయకపోవడం వల్ల జరుగుతుంది. ఎండాకాలం పోతకు రెండు వారాలైనా తడి ఉండాలి. మీ వీధివాళ్ళే మూడో రోజు ట్రాక్టరు ఎక్కించి ఉంటే అదీ ఒక కారణమే. ఇంటింటి కొళాయి పైపుల కోసం కొత్త రోడ్డును కోసేసి, గుంత మట్టితో పూడ్చిపోయినచోట బీటలు వస్తే అది ఈ కాంట్రాక్టరు తప్పు కాదు. ఇవి తేల్చుకోకుండా వెళితే మొదటి ఎదురు ప్రశ్నకే నీరుగారిపోతారు.

ఇప్పుడు అర్జీ. ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఒక గడువుంటుంది. ఆలోపు పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి, లేకుంటే ఆపి ఉంచిన డిపాజిట్ నుంచి చేయించాలి. "బిల్లు అయిపోయింది, నాకేం సంబంధం" అన్న ఏఈ మాట ఇక్కడే అబద్ధమవుతుంది. మీ రోడ్డుకు ఎనిమిది నెలలే కాబట్టి ఆ గడువు ఇంకా నడుస్తూ ఉండే అవకాశం ఎక్కువ. ముందు ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు) ఉత్తరం, డిపాజిట్ విడుదల చేయొద్దని, మరమ్మతు చేయించమని. దాని నకలు, ఎం-బుక్కు పేజీలు, మీ కొలతలు జతచేసి సోమవారం అర్జీ ఇవ్వండి. అర్జీలో కోరిక ఒకటే పెట్టండి: విచారణ ఈ సబ్ డివిజన్‌తో సంబంధంలేని క్వాలిటీ కంట్రోల్ అధికారి చేత చేయించాలి, కోర్ తీసే రోజు మాకు తెలపాలి. మీ సంతకం లేకుండా "పరిష్కారమైంది" అని మూసేస్తే తిరిగి తెరిపించండి. ఉపాధి హామీ పనై, కాంట్రాక్టు ఒప్పందమే లేకపోతే ఈ గడువు మాట చెల్లదు. అప్పుడు సామాజిక తనిఖీ ద్వారా సొమ్ము రాబట్టడమే దారి.

వచ్చే రోడ్డుకైనా ఇలా జరగకుండా గ్రామసభలో ఒక తీర్మానం రాయించండి. ఎస్టిమేటు కొలతలు పని మొదలయ్యే రోజునే వీధి మొదట్లో బోర్డు మీద రాయాలి, తుది బిల్లుకు ముందు ఎం-బుక్కు గ్రామసభలో చదవాలి. మినిట్స్ పుస్తకంలో ఎక్కిందాకా అక్కడి నుంచి కదలొద్దు. బిల్లు వెళ్ళాక ఎంత అరిచినా కష్టమే. బిల్లుకు ముందు అడిగితే కాంట్రాక్టరే మీ ఇంటికి వస్తాడు.

చివరగా, దరఖాస్తు మీ యువజన సంఘం పేరుతో పెట్టకండి, ఈ హక్కు పౌరులకు, సంఘాలకు కాదు. నలుగురున్నారు కదా, ఇద్దరు వేర్వేరుగా, వేర్వేరు చిరునామాలతో, పది రోజుల తేడాతో స్పీడ్ పోస్టులో పంపండి. ఒకరి మీద ఒత్తిడి వచ్చి మానుకున్నా రెండోది నడుస్తుంది. ఇద్దరికీ నకళ్ళు వస్తే అవే పేజీలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి నకలులో లేని సంతకమో, కొట్టివేతో, కొత్త అంకెలో రెండోదానిలో కనిపిస్తే ఆ రెండు పేజీలూ విజిలెన్స్‌కు ఇవ్వండి, కోర్ తీయించే ఖర్చు కూడా మీకు మిగిలిపోవచ్చు.